సైడ్-బై-సైడ్ బండిలో వేడి: ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

కిందటి అక్టోబరులో అమ్మ నరసరావుపేట నుంచి వచ్చినప్పుడు ఒక సాయంత్రం, ఎడారి దారుల్లో తిరిగే మా సైడ్-బై-సైడ్‌లో అరిజోనాలో ఫ్లోరెన్స్ దగ్గరి బాక్స్ క్యాన్యన్‌కి తీసుకెళ్లాను. పొద్దు గూకింది, గాలి చల్లబడింది. పావుగంట పోయాక అమ్మ ఎడమ మోకాలు పక్కకు జరుపుకుని, "ఏరా, ఎండ పోయినా ఈ కాలు ఇట్లా కాలుతోందేం? పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. ఇది గాలి వేడి కాదు నాయనా, సెగ" అంది.

ఆ ఒక్క మాట నాకు బాగా పనికొచ్చింది. అప్పటికి రెండు వేసవులుగా బండిని చల్లబరచాలని ఏదో ఒకటి కొని బిగిస్తూనే ఉన్నాను. ముందు అద్దం, తర్వాత రూఫ్, ఆ తర్వాత ఒక చిన్న ఫ్యాన్. వేడి తగ్గకపోగా, అద్దం పెట్టాక వీపు దగ్గర ఇంకా పెరిగింది. వేడి ఏ దారిన వస్తోందో చూసుకోకుండా మందు వేస్తూ వచ్చాను. సెగకు మందు వేరు, వేడిగాలికి వేరు, ఎండకు వేరు. ఇంజిన్ మితిమీరి వేడెక్కడం మళ్లీ నాలుగో సంగతి. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఈ బండ్లు కొన్న మనవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే, "ఏది కొనమంటావు?" అని. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ బండి చూడనివాళ్లకు రెండు ముక్కలు. జీపు కన్నా చిన్నది, పక్కపక్కనే ఇద్దరు కూర్చుంటారు, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, సగం తలుపులు. కారుకు ఇంజిన్ ముందుంటే దీనికి వీపు వెనక, సీటుకు అడుగు దూరంలో ఉంటుంది. చాలా మోడళ్లలో రేడియేటర్ మాత్రం ముందు ముక్కు దగ్గర ఉంటుంది. అంటే 200 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 93 సెల్సియస్ దగ్గర ఉన్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, రెండు సీట్ల మధ్య సొరంగం లాంటి కన్సోల్ గుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. రేడియేటర్ మీదుగా వచ్చిన వేడిగాలి పాదాలకు, గొట్టాల సెగ మోకాళ్లకు, ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) సెగ వీపుకు తగులుతాయి. పైన అరిజోనా ఎండ. ఫీనిక్స్‌లో 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ వేడి 110 డిగ్రీలకు, అంటే 43 సెల్సియస్‌కు, తగ్గలేదు. 2024లో అలాంటి రోజులు మొత్తం 70. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మన దగ్గర అంటారు. ఇక్కడ ఆ కార్తె మూడు నెలలు నడుస్తుంది.

కొనే ముందు కొలవండి

పాతిక, ముప్పై డాలర్లకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వస్తుంది. అరగంట గట్టిగా నడిపి వచ్చాక కన్సోల్ మూత, సీటు కింద, సీటు వెనక, పాదాల దగ్గర, రూఫ్ లోపలివైపు గురిపెట్టి అంకెలు రాసుకోండి. ఒక్క జాగ్రత్త. మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటర్ అబద్ధం చెబుతుంది. ఆ మెరుపు తన వేడిని బయటకు చూపించదు, పక్కవాటి వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. అందుకని అలాంటి చోట నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి, రెండు నిమిషాలు ఆగి, ఆ టేపు మీద చూడండి. మా బండిలో కన్సోల్ మూత 140 ఫారన్‌హీట్ దాటింది, సీటు వెనక ప్లాస్టిక్ 130 దగ్గర ఉంది, పాదాల దగ్గర మాత్రం 105. నేను అంతకు ముందు డబ్బంతా పెట్టింది పాదాల కోసం, నెత్తి కోసం.

రెండో పరీక్ష దారం పోగులతో. ఊలు దారం జానెడు ముక్కలు కత్తిరించి తల ఆనే చోట, సీటు పక్కన, కన్సోల్ అంచున టేపుతో అంటించి బండి నడపండి. పక్కవాళ్లను ఫోన్‌లో వీడియో తీయమనండి. ముందు నుంచి గాలి వస్తుంటే పోగులు వెనక్కు ఎగరాలి. మా బండికి నిలువెత్తు ముందు అద్దం ఉన్నప్పుడు తల దగ్గరి పోగులు అద్దం వైపు ఎగిరాయి. వెనక ఉన్న ఇంజిన్ గాలి మా మెడ మీదుగా ముందుకు వస్తోందన్నమాట. ఆ వీడియో చూసేదాకా నేను నమ్మలేదు. కొందరు ఈ పరీక్షకు అగరబత్తి పొగ వాడమంటారు. దయచేసి వాడకండి. చాలా బండ్లలో పెట్రోలు ట్యాంకు సీటు కిందే ఉంటుంది.

మూడోది రాత్రి చేసేది. సీట్లు తీసేసి, ఇంజిన్ వైపు గట్టి టార్చిలైటు పెట్టి, క్యాబిన్‌లో చీకట్లో కూర్చుని చూడండి. వైర్లు దూరిన కన్నాలు, గేరు కేబుల్ చుట్టూ సందులు, రెండు ప్లాస్టిక్ ముక్కలు కలిసే అతుకులు, అన్నీ వెలుగు గీతల్లా కనిపిస్తాయి. వెలుగు వచ్చే ప్రతి చోటా వేడిగాలి కూడా వస్తుంది. మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

ఇంకోటి, పైసా ఖర్చు లేనిది. మీ బండి ఛాసిస్ నంబరుతో తయారీదారు సైట్‌లో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం, ఉందేమో చూసుకోండి. 2016 ఏప్రిల్‌లో పొలారిస్ సంస్థ 2013 నుంచి 2016 వరకు మోడళ్ల ఆర్‌జెడ్‌ఆర్ 900, 1000 బండ్లు దాదాపు 1,33,000 మంటల ప్రమాదం వల్ల రీకాల్ చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇది తప్పక చూడాలి, పాత యజమాని చేయించి ఉంటాడని అనుకోవద్దు. అదనంగా వేడిగా ఉన్న బండికి మ్యాట్ అంటించి కప్పెట్టడం కన్నా ఉన్న లోపం సరిచేయించుకోవడం ముఖ్యం.

సెగకు: మ్యాట్లు, ఫోమ్, ఎగ్జాస్ట్ చుట్టలు

నా మొత్తం అనుభవంలో పెట్టిన డాలరుకు ఎక్కువ సుఖం ఇచ్చింది ఇదే. అయితే షాపులో ఒకే అరలో ఉండే మూడు రకాల షీట్లు మూడు వేర్వేరు పనులు చేస్తాయి. పేరు చూసి కొంటే మోసపోతాం.

మొదటిది బ్యూటైల్ షీటు. నల్లటి బంకలాంటి రబ్బరు, పైన పల్చటి రేకు. ఇది ప్లాస్టిక్, రేకు దడదడలాడకుండా ఆపడానికి పుట్టిన వస్తువు. శబ్దం బాగా తగ్గుతుంది, వేడి మాత్రం కొద్దిగానే. బరువు కూడా ఎక్కువ. పాటలు పెట్టుకుని తిరిగేవాళ్లకు సరే, కాలు కాలేవాళ్లకు ఇది జవాబు కాదు.

రెండోది మూసుకున్న గడుల ఫోమ్. అంటే లోపలి గాలి బుడగలు దేనికది విడిగా ఉండేది, నీళ్లు పీల్చనిది. వేడి దాని గుండా పాకడం నిదానిస్తుంది. మెత్తటి స్పాంజి లాంటి ఫోమ్‌తో పొరపాటున కూడా ఈ పని చేయకండి. బండి కడిగిన ప్రతిసారీ నీళ్లు తాగి, వారం దాకా ఆరక, కంపు కొడుతుంది. ఫోమ్ కొనేటప్పుడు ఎంత వేడి తట్టుకుంటుందో ప్యాకెట్ మీద చదవాలి. క్యాబిన్ వైపు వేయడానికి చాలా ఫోమ్‌లు సరిపోతాయి. ఎగ్జాస్ట్‌కు ఎదురుగా వేయడానికి అస్సలు కాదు.

మూడోది అసలైన హీట్ షీల్డ్ మ్యాట్. పైన మెరిసే అల్యూమినియం, లోపల గాజు పీచు లేదా సిలికా పీచు. సెగను తిప్పికొట్టే పని రేకుది, మిగిలింది ఆపే పని పీచుది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. మెరిసే ముఖానికి ఎదురుగా ఖాళీ ఉంటేనే అది సెగను తిప్పికొట్టగలదు. అర అంగుళమైనా గాలి సందు కావాలి. వేడి గొట్టానికి అతుక్కుపోయేలా వేస్తే రేకు వేడిని ఇంకా తొందరగా మోసుకొస్తుంది. మన ఇళ్లలో వేడి గిన్నెను రేకు మీద పెట్టి పట్టుకుంటే చెయ్యి ఎలా చురుక్కుమంటుందో అలాగే. ఇంకో సంగతి, ఎడారి దుమ్ము ఆ మెరుపు మీద పేరుకుంటే తిప్పికొట్టే గుణం బాగా తగ్గిపోతుంది. అందుకే కాగితంలాంటి ఒట్టి రేకు కన్నా లోపల పీచు మందంగా ఉన్నదే కొనండి, బండి కడిగినప్పుడు దాన్నీ ఒకసారి తుడవండి.

నేను మొదట డబ్బు మిగులుతుందని ఇల్లు కట్టే సామాన్ల షాపులో రూఫ్ లీకులకు అంటించే తారు టేపు తెచ్చాను. చూడ్డానికి అచ్చు బ్యూటైల్ షీటులాగే ఉంటుంది, పైన రేకు కూడా ఉంది. జూన్ మొదటి వారంలో అది కరిగి జారి, కూలెంట్ గొట్టానికి అంటుకుంది. క్యాబిన్ నిండా కొత్తగా తారు వేసిన రోడ్డు వాసన. మా ఆవిడకు తలనొప్పి వచ్చి మధ్యలోనే వెనక్కు తిరిగాం. ఆ తారు గోకి తీయడానికి రెండు శనివారాలు పట్టింది. వాహనాలకని, ఫలానా డిగ్రీల వరకు పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి.

అంటించే పద్ధతి మీద ఫలితం చాలా ఆధారపడుతుంది. ముందు న్యూస్‌పేపరు పరిచి, కన్నాలకూ బోల్టులకూ గుర్తులు పెట్టి, నమూనా కత్తిరించుకోండి. ప్లాస్టిక్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే మ్యాట్ అంటించండి, లేకపోతే దుమ్ము మీద జిగురు నిలవదు. జిగురును మాత్రమే నమ్మకుండా మూలల్లో వెడల్పు వాషర్‌తో స్క్రూ వేస్తే మేలు. ఊడి ఎగ్జాస్ట్ మీద పడిన మ్యాట్ ముక్క చాలా ప్రమాదం. ముందుగా సందులన్నీ మూసి, తర్వాత మ్యాట్ వేయాలి. టార్చి పరీక్షలో గుర్తుపెట్టిన కన్నాలకు గ్రోమెట్లు (వైరు చుట్టూ కన్నంలో బిగించే రబ్బరు చుట్లు), వేడి తట్టుకునే సిలికాన్ సరిపోతాయి. ఈ సందులు మూసే పనికి నాకు 20 డాలర్లు కూడా కాలేదు. నీళ్లు పోయే కన్నాలు, పెట్రోలు ట్యాంకు గాలి గొట్టం, రేడియేటర్ గాలి బయటికి వెళ్లే దారి మాత్రం మూయకూడదు. ఆ మూడోది మూస్తే కాళ్లు చల్లబడి ఇంజిన్ ఉడికిపోతుంది.

ఇదంతా చేశాక మా కన్సోల్ మూత అదే దారిలో, అలాంటి ఎండలోనే, 140 నుంచి 112కి వచ్చింది. చెయ్యి పెట్టి ఉంచగలం ఇప్పుడు.

ఎగ్జాస్ట్ గొట్టానికి చుట్టే పట్టీ గురించి ఎక్కువమంది అడుగుతారు. అది సెగను బాగానే తగ్గిస్తుంది, కాదనను. కానీ తడిసినప్పుడు నీళ్లు పట్టి ఉంచుతుంది, లోపల మామూలు ఉక్కు గొట్టమైతే తుప్పు తొందరగా తింటుంది. గొట్టం కూడా మునుపటి కన్నా వేడిగా నడుస్తుంది. నూనె పడి నానితే అంటుకోవచ్చు. వాగులు దాటే అలవాటున్నవాళ్లు, టర్బో బండ్లవాళ్లు దీని జోలికి పోకుండా ఉంటే మంచిదని నా ఉద్దేశం. గొట్టం మార్చుకునే అవసరం ఎలాగూ వస్తే అప్పుడు సిరామిక్ కోటింగ్ వేయించుకోండి. ధర ఎక్కువే గానీ తడికి భయం లేదు. మా బండికి నేను ఆ రెండూ చేయలేదు, మ్యాటుతోనే పని జరిగింది.

గాలికి: ముందు అద్దం ఎంత ఎత్తు ఉండాలి

మట్టిరోడ్డు మీద ఎర్రబస్సు వెళ్లాక దుమ్మంతా దాని వెనక అద్దానికే పట్టి ఉంటుంది, గమనించారా? ముందుకు దూసుకెళ్లే వస్తువు వెనక గాలి పల్చబడి, చుట్టుపక్కల గాలిని లాక్కుంటుంది. నిలువెత్తు ముందు అద్దం పెట్టిన సైడ్-బై-సైడ్‌లో ఆ పల్చబడిన చోట కూర్చునేది మనం. లాక్కొచ్చేది వెనకనున్న ఇంజిన్ గాలిని, టైర్లు లేపిన దుమ్మును.

అందుకే మా ప్రాంతానికి వేసవిలో నిలువెత్తు అద్దం ఒక్కటే పెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. చలికాలంలో ఫ్లాగ్‌స్టాఫ్ వైపు వెళ్లేవాళ్లకు అదే వరం, ఆ మాట వేరే. సగం అద్దం పెడితే గాలి ఛాతీ మీదుగా పైకి లేచి తలకు తగులుతుంది, రాళ్లు ఎగిరి పొట్టకు తగలవు, సుడి కూడా తక్కువ. పైకి ఎత్తే అద్దాలు, మధ్యలో కిటికీ ఉన్న అద్దాలు రెండు కాలాలకూ పనికొస్తాయి, కాకపోతే ధర రెండు మూడింతలు. ఏడాది పొడవునా తిరిగేవాళ్లు అవే తీసుకోండి. ఒకటే కొనగలిగితే సగం అద్దం, దాంతోపాటు వెనక పలక.

వెనక పలకను జనం తక్కువగా చూస్తారు. సీట్ల వెనక, పంజరానికి బిగించే పాలికార్బొనేట్ పలక లేదా జిప్పు ఉన్న గుడ్డ పలక అది. దుమ్ము, ఇంజిన్ గాలి రెండూ చాలావరకు అక్కడే ఆగిపోతాయి. మేం సగం అద్దానికి మారి, గుడ్డ పలక వేసి, మళ్లీ దారం పోగుల పరీక్ష చేస్తే పోగులన్నీ వెనక్కే ఎగిరాయి. కాకపోతే వెనక పలక ఉండి, ముందు కూడా నిలువెత్తు అద్దం మూసి ఉంటే గాలి ఆడక ఉక్క పోస్తుంది. రెండూ మూసే పనైతే ముందుదానికి కిటికీ తప్పనిసరి.

తలుపుల కింది సగానికి వేసే పలకల వల్ల కాళ్లకు గాలి తగ్గుతుంది నిజమే. అయినా తీయకండి. క్రియోసోట్ పొదల కొమ్మలు, చోల్లా జెముడు ముళ్లు లోపలికి వస్తాయి.

ఎండ సంగతి త్వరగా చెప్పేస్తాను. రూఫ్ లేకుండా మధ్యాహ్నం తిరగొద్దు. నల్ల ప్లాస్టిక్ రూఫ్ నీడ ఇస్తుంది గానీ అదే వేడెక్కి నెత్తి మీద సెగ కురిపిస్తుంది. అల్యూమినియం రూఫ్ తెల్ల రంగుది తీసుకుని లోపల పల్చటి ఫోమ్ అంటిస్తే రెండు ఇబ్బందులూ పోతాయి, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇప్పటికే నల్ల ప్లాస్టిక్ రూఫ్ ఉంటే కొత్తది కొనకండి, పైన తెల్ల వినైల్ షీటు అంటించండి.

ఇంజిన్ వేడి వేరే లెక్క

క్యాబిన్ చల్లగా ఉన్నంత మాత్రాన ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కాదు. గేజి మీద అంకె ఎక్కుతుంటే ఈ కింది వరసలో వెళ్లండి, వరస మార్చకండి.

మొదట రేడియేటర్ శుభ్రం. పెద్ద రేడియేటర్, పెద్ద ఫ్యాన్ అని అడిగినవాళ్లలో ముగ్గురి బండ్లు నేను చూశాను. ముగ్గురిదీ రేడియేటర్ రెక్కల మధ్య మట్టి, గడ్డి గింజలు, పురుగులు గడ్డకట్టి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, మట్టి లోపల ఉంటుంది. ఫ్యాన్ విప్పి, లోపలివైపు నుంచి బయటివైపుకు, మామూలు తోట పైపుతో నిదానంగా నీళ్లు పట్టాలి. ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు మడతపడి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. అవతలి వైపు నుంచి వచ్చే నీళ్లు టీ డికాక్షన్ రంగులో మొదలై తేటపడేదాకా ఆపొద్దు. నాకు మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది.

తర్వాత కూలెంట్. ఇథిలిన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపిన మిశ్రమం మామూలుగా 106 సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపే రేడియేటర్ మూత బిగిస్తే ఆ అంకె 129 దాకా పోతుంది. అంటే ఆ చిన్న మూత రబ్బరు పాడైతే 20 డిగ్రీలకు పైగా రక్షణ పోయినట్టే. ఇంజిన్ ఉడుకుతోందని వేలు ఖర్చు పెట్టే ముందు పదిహేను, ఇరవై డాలర్ల మూత మార్చి చూడండి. గ్లైకాల్ ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు, వేడిని మోసే శక్తి నీళ్లకే ఎక్కువ. కూలెంట్ మార్చాక గొట్టాల్లో గాలి బుడగ ఉండిపోవడం ఈ బండ్లలో తరచూ జరుగుతుంది, ఎందుకంటే గొట్టాలు ముందు నుంచి వెనక దాకా చాలా పొడవు. బండి ముక్కు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, యజమాని పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గాలి తీసేయండి. వేడిగా ఉండగా మూత మీద చెయ్యి వేయొద్దు.

మూడోది ఫ్యాన్‌కు విడిగా స్విచ్. ఎత్తు ఎక్కబోయే ముందే ఫ్యాన్ వేసుకోవచ్చు, ఆగినప్పుడు ఇంజిన్ ఆపకుండా రెండు నిమిషాలు తిప్పొచ్చు. తక్కువ ఖర్చులో మంచి సుఖం. ఇంకా పెద్ద ఫ్యాన్, అదనపు ఫ్యాన్ అన్నవి దీని తర్వాత మాటే. అవి కరెంటు లాగుతాయి, లైట్లు, పాటల సిస్టమ్ ఇప్పటికే ఉంటే బ్యాటరీ ఛార్జింగ్ తట్టుకోకపోవచ్చు. రేడియేటర్‌ను పైకి, సీట్ల వెనక్కు మార్చే కిట్లు బురదలో తిరిగేవాళ్ల కోసం వచ్చినవి. పొడి ఎడారిలో ఆ అవసరం లేదు. క్యాన్-యామ్ మావెరిక్ ఎక్స్3 లాంటి వాటికి కంపెనీ నుంచే రేడియేటర్ వెనక ఉంటుంది. కొత్త బండి ఎంచుకునేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోండి, పాదాలకు వేడి చాలా తేడా ఉంటుంది.

నాలుగోది బెల్టు. చాలా బండ్లలో ఒక్కో గేరు మార్చే పని లేకుండా రబ్బరు బెల్టుతో నడిచే సీవీటీ ఉంటుంది, ముందుకు వెళ్లడానికి మనం ఎంచుకునేది హై, లో రెండే. అది జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా జారుతుంది, చివరికి తెగుతుంది. నిటారు దారుల్లో, ఇసుకలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు లో గేరు వేయడమే దీనికి మొదటి మందు. హై గేరులో మెల్లగా పాకించడం బెల్టును కాల్చడమే. బెల్టు వేడి చూపే గేజి ఒకటి పెట్టించుకుంటే మీరు బండి నడిపే తీరే మారిపోతుంది. 200 ఫారన్‌హీట్ దాటుతుంటే నేను ఆగి గాలి తగలనిస్తాను. హోండా టాలన్‌లో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉంటుంది, బెల్టు లేదు. యమహా వైఎక్స్‌జెడ్1000ఆర్‌లోనూ లేదు. ఆ బండ్లవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు.

ఎండుగడ్డి సంగతి మరచిపోకండి. కింద రక్షణకు వేసే పలక మీద గడ్డి, కొమ్మలు పేరుకుని ఎగ్జాస్ట్‌కు తగిలితే మంట లేస్తుంది. ప్రతి రైడ్ తర్వాత టార్చి వేసి చూడండి. చేతికందే చోట మంటలార్పే సిలిండరు ఉండాలి.

ఏసీ, ఐసు, తడి తువ్వాలు

ఏసీ కావాలంటే పూర్తిగా మూసుకునే తలుపులు, అద్దాలు ఉన్న బండి కావాలి. పొలారిస్ రేంజర్ ఎక్స్‌పీ 1000 నార్త్‌స్టార్, క్యాన్-యామ్ డిఫెండర్ లిమిటెడ్, కుబోటా ఆర్‌టీవీ-ఎక్స్1100సీ లాంటివి కంపెనీ ఏసీతోనే వస్తాయి. క్వీన్ క్రీక్ వైపు రెండు మూడెకరాల స్థలాలున్నవాళ్లు, అమ్మానాన్నలను వెంట తిప్పాలనుకునేవాళ్లు అలాంటి బండే కొనాలని గట్టిగా చెబుతాను. వేగంగా తిరిగే స్పోర్ట్ బండికి తర్వాత ఏసీ బిగించడం మాత్రం వద్దు. కంప్రెసర్ ఇంజిన్ బలాన్ని తింటుంది, కండెన్సర్‌ను రేడియేటర్ ముందు పెడితే ఇంజిన్ మరింత వేడెక్కుతుంది, తెరిచి ఉన్న క్యాబిన్‌లో చల్లగాలి నిలవదు. వేల డాలర్లు గాల్లో కలుస్తాయి.

ఐసు పెట్టెకు ఫ్యాన్ బిగించి అమ్మే కూలర్ల గురించి లెక్క చూపిస్తాను. ఒక పౌండు ఐసు కరగడానికి 144 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి తీసుకుంటుంది. 20 పౌండ్ల సంచి, అంటే తొమ్మిది కిలోలు, మొత్తం కరిగితే 2,880. గంటకు 12,000 బీటీయూల చిన్న ఏసీ దాదాపు పావుగంటలో లాగే వేడి అది. మూసిన గదిలో అయితే ఏమో గానీ, తెరిచిన బండిలో ఆ చల్లదనం ముఖానికి తగిలి వెళ్లిపోతుంది. ఆ ఐసును తాగే నీళ్లకు వాడండి.

తడి తువ్వాలు అలా కాదు. రెంటచింతల ఎండల్లో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన ఇళ్లు మనకు తెలుసు. పొడిగాలిలో తడి ఆరుతూ వేడిని లాగేస్తుంది. మే, జూన్ నెలల్లో ఫీనిక్స్ గాలి అంత పొడిగా ఉంటుంది గనక మెడ చుట్టూ తడి తువ్వాలు, లేదా నీళ్లలో ముంచి వేసుకునే కూలింగ్ వెస్టు అద్భుతంగా పనిచేస్తాయి. పదిహేను, ఇరవై డాలర్ల తువ్వాలుకు మించినది నేను ఇంకా చూడలేదు. జులైలో మాన్సూన్ గాలులు మొదలయ్యాక ప్రభావం తగ్గుతుంది. విజయవాడలో కూలర్ పెట్టుకుంటే జిడ్డు తప్ప చల్లదనం లేకపోవడం లాంటిదే అది. ఒంటికి తగిలే గాలి 95 ఫారన్‌హీట్ దాటాక గాలి ఒక్కటే చల్లబరచదు, పైపెచ్చు వేడి పెంచుతుంది. చెమట, తడి ఉంటేనే ఆ గాలి పనికొస్తుంది. అందుకని నీళ్లు మనిషికి ఒక గ్యాలన్ తక్కువ కాకుండా పెట్టుకోండి. పిల్లలు దాహం అని అడిగేదాకా ఆగకండి. హెల్మెట్‌లో వాళ్ల ముఖం ఎర్రబడిందో లేదో ప్రతి అరగంటకు ఆగి చూడండి. ఇక్కడ 18 ఏళ్ల లోపువాళ్లకు హెల్మెట్ చట్ట ప్రకారం తప్పనిసరి కూడా.

ఖర్చు లేని ఎంపిక ఇంకోటి ఉంది, ఎత్తుకు వెళ్లడం. ప్రతి వెయ్యి అడుగులకు గాలి మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారన్‌హీట్ చల్లబడుతుంది. క్రౌన్ కింగ్ 5,700 అడుగుల పైన ఉంది, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000. జులైలో మేం తెల్లవారుజామున నాలుగింటికి ట్రైలర్ కట్టి ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరి సిండర్ హిల్స్‌కు పోయి, పది గంటలకల్లా బండి ఎక్కించేస్తాం. కింద ఫీనిక్స్‌లో ఆ వేళకే కుంపటి రాజుకుని ఉంటుంది.

చేతిలో 150 డాలర్లే ఉంటే: థర్మామీటర్, సందులు మూసే సామాను, కన్సోల్ వరకు మ్యాటు, రెండు తువ్వాళ్లు. 400 ఉంటే దానికి సీట్ల వెనక మ్యాటు, గుడ్డ వెనక పలక కలపండి. నిలువెత్తు అద్దం ఇప్పటికే ఉంటే అమ్మి సగం అద్దం కొనండి, మిగిలిన డబ్బు రూఫ్‌కు వస్తుంది. గేజి ఎక్కుతుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు తోట పైపు పట్టుకోండి.

మ్యాటు వేశాక మొదటి రైడ్ అరగంటకు మించొద్దు. తిరిగొచ్చి సీట్లు తీసి, ఏ మూలైనా లేచిందా, గొట్టానికి తగులుతోందా, ఎక్కడైనా గోధుమ రంగు మచ్చ పడిందా చూడండి. సీటు తిరిగి పెట్టేటప్పుడు కింది మ్యాటు మందం వల్ల కొక్కెం సరిగా పడకపోవచ్చు. టక్కుమని శబ్దం వచ్చిందా లేదా విని, రెండు చేతులతో పైకి లాగి చూశాకే ఎవరినైనా కూర్చోబెట్టండి.